క్రాసింగ్ కాలంలో ముందు పళ్లు

ఆ యేడు వానాకాలమంతా మా ఇంట్లోవాళ్ల కళ్లు రెండే చోట్ల ఉన్నాయి. ఒకటి చేనులో పత్తిమొగ్గల మీద, రెండోది నా నోట్లో. మొగ్గల సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. నా నోటి సంగతి ఒక్కరికీ తెలియదు. తెలియకపోతే ఊరుకుంటారా? తలా ఒక మాట అన్నారు, తలా ఒక మందు చెప్పారు. చివరికి నా నోరు నాకే అర్థం కాకుండా పోయింది.

అది రెండువేల తొమ్మిది. గద్వాలలో ఇంటర్లో చేరాను గానీ అది పేరుకే. గద్వాల చుట్టుపక్కల సీడు పత్తి వేసిన ఇళ్లలో ఆగస్టు వచ్చిందంటే చదువూ చుట్టరికమూ అన్నీ చేను గట్టు మీదే ఆగిపోతాయి. సీడు పత్తి అంటే విత్తనం కోసం పండించే పత్తి. అందులో ఆడసాళ్లు వేరు, మగసాళ్లు వేరు. తెల్లారి విచ్చుకోబోయే మొగ్గను ముందురోజు సాయంత్రమే పట్టుకుని, బొటనవేలి గోరుతో రేకులూ పుప్పొడీ వలిచేసి, నడిమి కాడను మాత్రం మిగల్చాలి. పొద్దున మగసాళ్ల పువ్వులు తెంపుకొచ్చి ఆ కాడకు రుద్దాలి. రుద్దినదానికి గుర్తుగా ఎర్రదారం ముడి వెయ్యాలి. దాన్నే క్రాసింగ్ అంటాం. ఎండెక్కితే పుప్పొడి పనికిరాదు. ఒక పొద్దు పోయిందంటే ఆ పొద్దు పూసిన పువ్వులన్నీ పోయినట్టే. మా నాయన శ్రీశైలం ఆ రెండు మూడు నెలలూ గడ్డం కూడా గీసుకునేవాడు కాదు.

అట్లాంటి మనిషి నా పళ్లకు క్లిప్పులు వేయించాడు. నా ముందు పళ్లు రెండూ ఎడంగా, బయటికి తోసుకొచ్చినట్టు ఉండేవి. ఎవరితోనైనా మాట్లాడాల్సి వస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేదాన్నట. నాకు ఆ సంగతే తెలియదు, నాయనే కనిపెట్టాడు. ఆ ముందటి చలికాలంలో ఒకరోజు కర్నూలు తీసుకుపోయి పళ్ల డాక్టరు కుర్చీలో కూర్చోబెట్టాడు. పంటికొక గుండీ అతికించి, గుండీల మీదుగా సన్నటి తీగ లాగి కట్టారు. ఇంటికి రాగానే మా అవ్వ జంగమ్మ, అంటే నాయన తల్లి, నా నోట్లోకి తొంగిచూసి బుగ్గలు నొక్కుకుంది.

"ఓయమ్మో! పిల్లకు కళ్లెం ఏసుకొచ్చినవేందిరా!"

"గట్లనే అను. రెండేండ్లు ఆగినంక సూస్తువు, పిల్ల నవ్వు ఎట్లుంటదో" అన్నాడు నాయన. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖంలో ఉన్న గర్వం నాకు ఇప్పటికీ గుర్తు. నెల నెలా కర్నూలు పోయి తీగ బిగించుకొచ్చేవాళ్లం. జూన్ దాటేసరికి సందు సగం మూసుకుంది.

ఆగస్టులో ఒకనాడు క్రాసింగ్ అయిపోయాక అందరం గట్టు మీద కూర్చున్నాం. మాతో పనిచేసే పుష్పమ్మ మక్కకంకులు కాల్చింది. గట్టి వస్తువు కొరకొద్దని డాక్టరు చెప్పాడు, నిజమే. కానీ కాల్చిన కంకి వాసన ముందు డాక్టరు మాట ఎవరికి గుర్తుంటుంది? కొరికాను. కటుక్కుమంది. కుడి ముందు పంటి మీది గుండీ ఊడి నా ఒళ్లో పడింది. తీగ కొస పెదవికి గుచ్చుకుంటుంటే నాయన మోటారు దగ్గరి కటింగ్ ప్లేయర్ తెచ్చి ఆ ముక్క కత్తిరించాడు. డాక్టరుకు ఫోన్ చేస్తే వీలైనంత తొందరగా తీసుకురమ్మన్నాడు.

"ఒక పూట పోయి రారాదయ్యా" అంది మా అమ్మ బాలమ్మ.

"ఒక పూటనా? పొద్దుగాల బండెక్కితె పొద్దుగూకినంకనే ఇల్లు. పువ్వు ఆగుతదా మనకోసం? జర పూత తగ్గనీ" అన్నాడు నాయన.

పూత తగ్గలేదు. నా పళ్ల సందు మాత్రం మళ్లీ మెల్లగా విడవడం మొదలుపెట్టింది. నాయన రోజూ చూసేవాడు. మొగ్గలు చూసినంత శ్రద్ధగా చూసేవాడు. చూసిన ప్రతిసారీ ముఖం మాడిపోయేది. ఒకనాడు చేనులోనే నన్ను పిలిచాడు.

"ఇటు రా బిడ్డా. నోరు తెరువు." తెరిచాను. "ఇంత కష్టపడి దగ్గరికి దెస్తె మళ్ల దూరమైతున్నయ్. డాక్టరు జేసేదేంది, రెండిటిని దగ్గరికి లాగుడే గద. తీగతోని లాగితేంది, దారంతోని లాగితేంది?"

చెయ్యి కడుక్కుని ఎర్రదారం తెంపాడు. అందరం చుట్టూ మూగాం. మా నాయన ముడి అంటే ముడే. చేనులో అంత వడిగా, అంత సన్నగా ముడి వేసే చెయ్యి ఇంకొకటి లేదు. ముందు పళ్లు రెండిటినీ కలిపి రెండు చుట్లు చుట్టాడు. ఎడమ పంటి గుండీకి పైన, చిగురుకు ఆనించి బిగించి ముడేశాడు. మిగిలిన కొసను గోటితో తెంపేశాడు.

"కిందికి కడితె జారుతది. గింత మీదికుంటె గుండీ అడ్డం ఉంటది, ఏడికీ పోదు" అన్నాడు.

పుష్పమ్మ పడీ పడీ నవ్వింది. "పండ్లకు గూడ క్రాసింగ్ జేస్తున్నవా అన్నా? ఇత్తనం గిట్ల వస్తదేమో, జాగ్రత!"

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. దారం కిందికి జారదన్న మాట నిజమే. పైకి పోతుందేమోనన్న ఆలోచన మాత్రం ఒక్కరికీ రాలేదు.

వారం తిరగకముందే సందు మూసుకుంది. మా అవ్వ సైతం వేలు పెట్టి చూసి "అబ్బ, డాక్టరు కంటె నువ్వే నయముంటివి గదరా" అని కొడుకును మెచ్చుకుంది. ఆ తర్వాత రెండు మూడు రోజులకు దారం కనిపించడం మానేసింది. అద్దంలో చూసుకున్నాను, లేదు. నాలుకతో తడిమాను, తగల్లేదు.

"తినేటప్పుడు మింగినట్టున్నవ్" అంది అమ్మ.

"పోతె పోయింది. పని జేసి పోయింది" అన్నాడు నాయన సంతోషంగా. ఆ మాటతో ఇంట్లో అందరం దారాన్ని మరిచిపోయాం.

నెత్తురు మొదలైంది ఆ తర్వాతే. పొద్దున పళ్లు తోముకుని ఉమ్మితే ఎర్రగా పడేది. మొదట గుండీ ఊడినచోట పెదవి కోసుకుపోయిందేమో అనుకున్నాను. తర్వాత ముందు పళ్ల మీది చిగురు ఉబ్బింది. ముట్టుకుంటే చాలు, నెత్తురు చిమ్మేది. ఇక చూసుకోండి, మా ఇంట్లో వైద్యం మొదలైంది.

అవ్వ లెక్కలో అది వేడి. "నోట్లె ఇనుము పెట్టుకొని ఎండల తిరిగితె వేడి జెయ్యదా?" అని పొద్దుకొక చెంబు మజ్జిగ, సాయంత్రం సబ్జా గింజల నీళ్లు తాగించింది. ఉప్పూ పసుపూ కలిపి చిగుళ్లకు రుద్దింది. మంటకు నేను చేనంతా పరుగెత్తాను. మా ఊళ్లో సూదులేసే దానియేలు డాక్టరు బిళ్లలిచ్చాడు. అవి వేసుకున్నన్ని రోజులు కాస్త తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదటికొచ్చింది. పుష్పమ్మ లవంగం పెట్టుకోమంది. ఇంకెవరో జామాకు నమలమన్నారు. అమ్మ మాత్రం ఒకటే మాట మీద ఉంది.

"నెత్తురు కారుతుంటె ఆ బ్రష్ ఎందుకు పెడ్తవే? పుండు మీద గీకుతరా ఎవలన్న? మానేదాంక తోమకు. ఉత్త నీళ్లు పుక్కిలియ్యి."

అది నాకూ సబబుగానే తోచింది. పుండును గీకితే మానుతుందా? తోమడం మానేశాను. గుండీల చుట్టూ తీగ కింద అన్నం మెతుకులు, పాచి పేరుకుపోయాయి. ఒక్కచోట ఉన్న వాపు పైవరస మొత్తానికీ పాకింది. నోటి వాసన నాకే తెలిసేది. మళ్లీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మొదలుపెట్టాను. ఈసారి తెలిసే పెట్టుకున్నాను. ఎవరేది చెప్పినా చేశానే, అయినా ఎందుకు ఎక్కువవుతోందో తెలియక పిచ్చెక్కిపోయేది. ఒక్కోసారి ఆ గుండీలన్నీ పీకి చేలో పారెయ్యాలనిపించేది.

సెప్టెంబరులో ఒకనాడు తెల్లారేసరికే ముసురు పట్టింది. వానలో పుప్పొడి రుద్దే పని లేదు కాబట్టి అమ్మ నన్ను తీసుకుని కర్నూలు బస్సెక్కింది. డాక్టరు నా నోరు తెరిపించి చూసి ముందు ఆశ్చర్యపోయాడు.

"గుండీ ఊడినా సందు బాగానే మూసుకుందే!" తర్వాత చిగుళ్లు చూసి ముఖం చిట్లించాడు. "ఇదేంటమ్మా ఇట్లా ఉంది? పళ్లు తోముతున్నావా లేదా?"

"నెత్తురొస్తున్నదని నేనే వద్దన్న సార్" అంది అమ్మ.

"అందరూ అదే చేస్తారమ్మా. క్లిప్పులున్న నోట్లో పాచి ఊరికే పడుతుంది. పాచి నిలిస్తే చిగురు వాస్తుంది, వాస్తే నెత్తురొస్తుంది. నెత్తురొచ్చిందని తోమడం ఆపితే పాచి ఇంకా పెరుగుతుంది. నెత్తురొచ్చే చోటే మెల్లగా, ఓపిగ్గా తోమాలి."

అమ్మ నా వైపు చూసింది, నేను అమ్మ వైపు చూశాను. ఆయన చెప్పేది మాకు తలకిందులుగా వినిపించింది. ఆయన పాచి అంతా గీకి తీసి, కొత్త గుండీ అతికించాడు. తీగ కిందికి దూరే చిన్న బ్రష్ ఒకటిచ్చి, అద్దం ముందు నా చేత తోమించి చూపించాడు. "మిగతా చిగురంతా తగ్గి ఈ ముందు పళ్ల దగ్గర తగ్గకపోతే మాత్రం వెంటనే రండి. ఎక్స్‌రే ఫోటో తీసి చూద్దాం" అన్నాడు. దారం సంగతి అమ్మ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. దాచాలని కాదు. ఎప్పుడో ఊడిపోయిన దారానికీ ఈ వాపుకూ సంబంధం ఉంటుందని మాకు తోస్తేగా!

మర్నాడు వాకిట్లో కూర్చుని తోముతుంటే ఎర్రటి నురగ పడింది. అది చూసి అవ్వ గుండెలు బాదుకుంది.

"నెత్తురు కారంగ తోముతున్నవేందే! ఆ డాక్టరుకు మతి ఉన్నదా?"

"అమ్మా, నువ్వు జర ఊకో. సదువుకున్నోడు చెప్పిండు. చెప్పినట్టు జెయ్యనీ" అన్నాడు నాయన.

కళ్లలో నీళ్లు తిరుగుతున్నా తోమాను. పొద్దునా, అన్నం తిన్నాకా, పడుకునే ముందూ తోమాను. నిజంగానే తగ్గింది. దవడ పళ్ల దగ్గర, పక్క పళ్ల దగ్గర చిగుళ్లు గట్టిపడి, లేత రంగుకు వచ్చాయి. ఉమ్మితే తెల్లటి నురగ. అవ్వ కూడా నోరు మూసుకుంది. అయితే ఆ ముందు పళ్లు రెండిటి పైన మాత్రం ఎర్రగా, బుడగలాగా అట్లాగే ఉంది. నొక్కితే చీము వచ్చేది. అది చాలదన్నట్టు పళ్లు కిందికి దిగినట్టు కనిపించాయి. అద్దంలో చూస్తే పక్క పళ్ల కంటే పొడుగ్గా ఉన్నాయి. ఒక పొద్దున పువ్వు రుద్దుతూ రుద్దుతూ నాలుకతో నెట్టి చూశాను. కుడిపన్ను ఊగింది. పాలపన్ను ఊగినట్టు ఊగింది. నా చేతిలోని పువ్వు కింద పడిపోయింది.

"అమ్మా" అన్నాను. "పన్ను ఊగుతున్నది."

అమ్మ పక్క సాలులోంచి వచ్చి వేలితో నెట్టి చూసింది. రెండోదాన్నీ నెట్టి చూసింది. దారపు ఉండ అక్కడే వదిలేసి నాయన దగ్గరికి నడిచింది.

"రేపే పోదం కర్నూలుకు" అన్నాడు నాయన.

ఆ రేపు రాలేదు. వానలు పట్టుకున్నాయి. ముసురు కాదు, ఆకాశానికి చిల్లు పడ్డట్టు కురిసింది. ఇటు కృష్ణ, అటు తుంగభద్ర రెండూ పొంగాయి. అలంపూర్ మునిగిందన్నారు. కర్నూలు ఊరికి ఊరే నీళ్లలో ఉందన్నారు. కరెంటు వచ్చిన కాసేపు టీవీలో చూస్తే మేం బస్సు దిగి నడిచిపోయే వీధుల్లో పడవలు తిరుగుతున్నాయి. డాక్టరు ఫోను మోగలేదు. అలంపూర్ దగ్గర అమ్మ వాళ్ల చిన్నమ్మ కుటుంబంవాళ్లు మిద్దె మీద కూర్చుని ప్రాణాలు కాపాడుకున్నారని తెలిసి అమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కానీ ఆ ఏడుపు ఎవరికోసమో నాకే స్పష్టంగా తెలియదు. అంతమంది ఇళ్లూ వాకిళ్లూ పోయి రోడ్డున పడితే నా నాలుక మాత్రం పదే పదే ఆ పంటి దగ్గరికే పోయేది. ఛీ, ఇదేం బుద్ధి అని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. అయినా పోయేది. అన్నం మెత్తగా పిసికి మింగేదాన్ని. ఎక్కడ ఊడి చేతిలోకి వస్తుందోనని తుమ్మడానికి కూడా భయమేసేది.

"ఊర్లకు ఊర్లు మునిగినయ్, మనది ఒక పన్ను. తల్లీ, ఓర్సుకో" అంది అవ్వ. తిట్టలేదు, పాపం. నా తల నిమురుతూనే అంది.

వాన వెలిసి, ఎండ వచ్చిన పొద్దు ఎట్లా ఉందో చెప్పాలి. చేను చేనంతా పూత. అన్ని రోజులు తడిసి ముడుచుకున్న మొక్కలు ఒక్కసారిగా తేరుకున్నాయి. వానల్లో పోయిందంతా ఆ నాలుగు పొద్దుల్లోనే రాబట్టుకోవాలి. ముందురోజు సాయంత్రం వాన తెరిపిచ్చినప్పుడే ఆడసాళ్ల మొగ్గలు వలిచి పెట్టాం. పుష్పమ్మ వాళ్లంతా తెల్లవారకముందే వచ్చి దారపు ఉండలు నడుముకు దోపుకుని నిలబడ్డారు. మగపువ్వు ఏది రుద్దాలో, ఎటునుంచి మొదలుపెట్టాలో నాయన చెప్తే తప్ప ఎవరూ అడుగు వెయ్యరు. నాయన గట్టు మీద నిలబడి చేను వంక చూశాడు. తర్వాత నా వంక చూశాడు. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉన్నాను.

"బాలమ్మా, మీకు చాతనైనంత రుద్దుండ్రి. మేం వనపర్తి పోయొస్తం" అన్నాడు.

"ఇయ్యాలనా?" అంది అవ్వ.

ఆయన బండి తీశాడు.

జూరాల డ్యాము మీదుగా పోయాం. గేట్లన్నీ ఎత్తి ఉన్నాయి, నీళ్ల హోరుకు మాటలు వినబడవు. అమరచింత, ఆత్మకూరు దాటి వనపర్తి చేరేసరికి మధ్యాహ్నమైంది. అక్కడి పళ్ల డాక్టరు ఒక ఆడమనిషి. చూసింది, వేలితో కదిపి చూసింది, చిన్న ఫోటో తీసింది. దాన్ని దీపానికి అడ్డం పెట్టి చాలాసేపు చూసింది.

"పక్క పళ్లకు ఎముక బాగుంది. ఈ రెండిటి చుట్టే కరిగింది. మిగతా చిగుళ్లు కూడా బాగున్నాయి, పిల్ల మంచిగ తోముకుంటున్నది. ఈ రెండు పళ్లకేమైనా కట్టిండ్రా? రబ్బరు గాని, ఇంకేదన్న గాని?"

నాయన తల దించుకున్నాడు. నేనే చెప్పాను. "దారం కట్టినం మేడం. కని అది ఎప్పుడో ఊడిపోయింది."

"ఊడిపోయింది మీరు చూసిండ్రా?"

ఎవరు చూశారు? మేం చూసిందల్లా అది కనబడకపోవడమే. ఆమె చిగురుకు మందు సూది వేసి, సన్నటి పట్టకారు చిగురు కిందికి పోనిచ్చింది. ఏదో తెగినట్టయింది. బయటికి లాగి తెల్లటి దూది మీద పరిచింది, మా ఎర్రదారం. నానిపోయి నల్లబడింది గానీ ముడి మాత్రం చెక్కుచెదరలేదు.

"పంటి మొదలు పైకి పోయేకొద్దీ సన్నగా ఉంటది. కిందికి జారే దారి లేక ఇది పైకే జారింది. జారినంతమేర ఎముకను తినుకుంటూ పోయింది" అంది డాక్టరమ్మ.

నాయన ఆ దూది వంక చూస్తూ నిలబడ్డాడు. "నేనే కట్టిన మేడం" అన్నాడు. "నా చేతులతోనే కట్టిన."

ఆమె తిట్టలేదు. ఆయనకు కుర్చీ చూపించింది, ఆయన కూర్చోలేదు. "ఇప్పుడు రెండే దారులున్నయి" అంది. "రెండు పళ్లూ తీసేసి కట్టుడు పళ్లు పెట్టించుకోవచ్చు. లేదంటే శుభ్రం చేసి, పక్క పళ్లతో కలిపి కదలకుండా కట్టిపెడతా. నెలలు పడుతుంది. ఇన్ని రోజులు తోమినట్టే బాగా తోముకోవాలె. నిలుస్తాయో లేదో నేను మాటియ్యలేను. ఏం జేద్దాం?"

మామూలుగా అయితే ఈ మాట పూర్తి కాకముందే నాయన జవాబు చెప్పేసేవాడు. మా ఇంట్లో ఏ విత్తనం వెయ్యాలన్నా, ఎవరు ఏం చదవాలన్నా ఆయనదే మాట. ఆ రోజు మాత్రం ఆయన నావైపు తిరిగాడు.

"నీ నోరు బిడ్డా. ఇన్నొద్దుల సంది అందరం చెప్తనే ఉన్నం. నువ్వేమంటవ్?"

"తెల్వదు నాయనా" అన్నాను. నిజంగానే తెలియదు. ఆ వానాకాలమంతా ఎవరేం చెప్తే అది చేసి, అందులో ఏది మందో ఏది తప్పో తేల్చుకోలేక అలిసిపోయాను. మత్తెక్కిన పెదవి నాది కానట్టుంది. డాక్టరమ్మ తొందర పెట్టలేదు. నాయన తొందర పెట్టలేదు. ఇద్దరూ ఊరికే నిలబడి నేను చెప్పేదాకా చూశారు. కాసేపటికి నా నోటినుంచి మాట దానంతటదే వచ్చింది.

"ఉండనియ్యండి మేడం. ఊడేదుంటె అదే ఊడుతది."

తిరిగి ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. తెంపకుండా మిగిలిపోయిన మగసాళ్ల పువ్వులు చేనులో గులాబీ రంగుకు తిరిగి ముడుచుకున్నాయి. సగం చేను రుద్దకుండా అట్లాగే ఉంది. అమ్మ వాకిట్లోకి ఎదురొచ్చింది. దారం సంగతి నాయనే చెప్పాడు, ఒక్క ముక్క దాచకుండా చెప్పాడు. అవ్వ ఏదో అనబోతే అమ్మ చెయ్యెత్తి ఆపింది. "కట్టంగ అందరం సూసినం, అందరం నవ్వినం. ఎవల్ని అంటవ్ అత్తా?" అంది. ఆ తర్వాత మా ఇంట్లో ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

నాయన మాత్రం మారిపోయాడు. నా ముఖం వంక చూడడం మానేశాడు. మాట్లాడితే నా భుజం వంకో, గోడ వంకో చూసి మాట్లాడేవాడు. వనపర్తి పోవాల్సి వస్తే పనుందని అమ్మను పంపేవాడు. పత్తి తీసే రోజులొచ్చినా, గింజ సంచుల్లోకి ఎక్కినా అంతే. పొద్దున నేను వాకిట్లో పళ్లు తోముకుంటుంటే అటునుంచి రావాల్సిన మనిషి పశువుల కొట్టం చుట్టూ తిరిగి వచ్చేవాడు. నా పంటి కంటే నాకు అదే ఎక్కువ బాధగా ఉండేది. పన్ను ఊడినా ఇంత దుఃఖం రాదేమో అనిపించేది.

ఫిబ్రవరిలో డాక్టరమ్మ కట్టు విప్పింది. చేతిలోని పనిముట్టు వెనక వైపుతో రెండు పళ్లనూ మార్చి మార్చి తట్టింది. వేళ్లతో పట్టి అటూ ఇటూ కదిపింది. మళ్లీ ఫోటో తీసి చూసింది. పైన చిగురు కాస్త దిగిపోయి, రెండు పళ్ల నడుమ చిన్న నల్లటి సందు ఉండిపోయింది. అది ఇక నిండదని చెప్పింది. మిగతా మాట కూడా చెప్పింది. అది విని అమ్మ అక్కడే కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ఇంటికొచ్చేసరికి నాయన అరుగు మీద కూర్చుని సంచి మూతి కుడుతున్నాడు. మమ్మల్ని చూసి సూది ఆపాడు గానీ తలెత్తలేదు. ఏమైందని కూడా అడగలేదు. అడగడానికి భయపడుతున్నాడని అప్పుడు నాకు అర్థమైంది. పోయి ఆయన ముందు కూర్చున్నాను.

"నాయనా, పన్ను పట్టి సూడు."

"డాక్టరమ్మ సూసింది గద బిడ్డా."

"ఆమె సూసింది. నువ్వు సూడు."

ఆయన తల అడ్డంగా ఊపాడు. చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు. నేను ఆ చెయ్యి పట్టుకుని, వేలు తీసి నా కుడి ముందు పంటి మీద పెట్టాను. మొదట ఉత్తగా ఆనించి ఉంచాడు. తర్వాత మెల్లగా నొక్కాడు. ఇంకాస్త గట్టిగా నొక్కాడు.

"ఊగుతలేదు" అన్నాడు. ఎన్నో నెలల తర్వాత నా ముఖంలోకి చూశాడు, చూస్తూనే కళ్ల నిండా నీళ్లు పెట్టుకున్నాడు. "ఏమే బాలమ్మా, ఊగుతలేదే!"

పక్క పన్నును నొక్కాడు. మళ్లీ మొదటిదాన్ని నొక్కాడు. ఎంతసేపటికీ వేలు తియ్యడే!

"ఇగ సాలు నాయనా" అన్నాను, నోట్లో ఆయన వేలు ఉండగానే. "గట్టిగైనదాన్ని నువ్వే పీకేటట్టున్నవ్."